జేబు మీద ఇంటిపేరు

మా అమ్మకు అమెరికా పేర్లు నోరు తిరిగేవి కావు. అందుకని మా వీధి పిల్లలందరినీ "నాయనా" అనే పిలిచేది. పక్కింటి అబ్బాయి మా ఇంటి ముందు గడ్డి కోయడానికి వస్తే గుమ్మంలో నిలబడి, "నాయనా, ఎండలో ఉండావు, రవంత మజ్జిగ తాగి పో" అనేది, శ్రీకాళహస్తిలో మా వీధి పిల్లలతో మాట్లాడినట్టే. వాడికి ఒక్క ముక్కా అర్థమయ్యేది కాదు. మోవర్ ఆపి, టోపీ తీసి, గ్లాసు రెండు చేతులా అందుకునేవాడు. మొదటిసారి కాఫీ ఇవ్వబోయింది అమ్మ. నేనే ఆపాను. వాళ్లు మార్మన్లని, ఆ మతంలో కాఫీ, టీ తాగరని చెప్తే, "మరి ఇంటికొచ్చిన మనిషికి ఏమిస్తారే?" అంది. ఆ రోజు నుంచే మా ఇంట్లో వాడి పేరున మజ్జిగ చిలకడం మొదలైంది.

మేముండేది యూటా రాష్ట్రంలో లీహై అనే ఊళ్లో. మార్మన్ గ్రంథం మొదట్లో వచ్చే ఒక ప్రవక్త పేరది. ఊరి పేరు నుంచి వీధి చివర చర్చి దాకా అన్నీ వాళ్లవే అయిన చోట, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం వచ్చి చేరిన తెలుగు కుటుంబాల్లో మాదొకటి. పక్కింటివాళ్లకు అయిదుగురు పిల్లలు. ఈ అబ్బాయి రెండోవాడు. అప్పుడు పద్దెనిమిదేళ్లు. వేసవిలో గడ్డి కోసి, చలికాలంలో వాకిళ్ల మంచు ఎత్తిపోసి వాడు దాచుకుంటున్నది కారు కోసం అనుకున్నాను. కాదు, మిషన్ కోసమట. ఊరు కాని ఊళ్లో రెండేళ్లు ఉండి తమ మతం గురించి చెప్పి రావడానికి. జీతం ఉండదు సరికదా, అప్పట్లో నెలకు 400 డాలర్లు మిషనరీయో అతని ఇంటివాళ్లో కట్టుకోవాలి. రెండేళ్లకు 9,600 డాలర్లు. అది ఎన్ని వాకిళ్ల గడ్డో నేను లెక్క కట్టలేదు కానీ, ఆ సంగతి తెలిశాక వాడు మోవర్ తోస్తుంటే ఊరికే కిటికీలోంచి చూస్తూ ఉండలేకపోయేదాన్ని. బయటికి పోయి నిలబడేదాన్ని.

ఏ దేశం పంపుతారో ముందు తెలియదు, కోరుకునే వీలూ లేదు. సాల్ట్ లేక్ సిటీ నుంచి తెల్లటి పెద్ద కవరు పోస్టులో వచ్చేది. ఇప్పుడైతే కంప్యూటర్‌లోనే వస్తోంది, 2017లో ఇంకా కవరే. తాతలు, నాయనమ్మలు, స్నేహితులు అందరూ చేరేదాకా దాన్ని విప్పేవాళ్లు కాదు. మమ్మల్నీ పిలిచారు. గోడ మీద ప్రపంచపటం పెట్టారు. వచ్చినవాళ్లు తలా ఒక దేశం ఊహించి అక్కడ కాగితం ముక్క అంటించారు. అమ్మ చేతికి కూడా ఒక ముక్క ఇస్తే, "నాకేం తెలుసు నాయనా" అంటూనే పటంలో మన దేశం మీద అంటించింది. ఉత్తరం చదివేటప్పుడు వాడి గొంతు వణికింది. తైవాన్, తైచుంగ్ మిషన్. మాండరిన్ నేర్చుకోవాలి. ఇల్లంతా కేకలు, కౌగిలింతలు. వాళ్లమ్మ మాత్రం పటం దగ్గరికి పోయి, ఆ ద్వీపం తన బొటనవేలి గోటి కింద పడుతుందో లేదో పెట్టి చూసుకుంది.

ఆ రాత్రి గిన్నెలు సర్దుతూ ఆవిడ నాతో ఒక మాట అంది. బయల్దేరిన రోజు నుంచి తన కొడుకును ఎవరూ పేరు పెట్టి పిలవరట. "ఎల్డర్" అని, పక్కన ఇంటిపేరు. అంతే. ఒకే గదిలో పడుకుని లేచే తోటి మిషనరీ కూడా అలాగే పిలుస్తాడు. అమ్మాయిలైతే "సిస్టర్", పక్కన ఇంటిపేరు. నల్లటి బిళ్ల మీద తెల్లటి అక్షరాలతో అదే రాసి ఉంటుంది, కింద సంఘం పేరు. దాన్ని ఎడమవైపు జేబు మీద పెట్టుకుంటారు. కన్నవాళ్లు పెట్టిన పేరు రెండేళ్లూ కన్నవాళ్ల దగ్గరే ఉంటుంది.

ఆ మాట నాకు తెలుగులో వినబడింది. వాళ్లకది చివరి పేరు. మనకు ఇంటి పేరు. ఇల్లు వదిలి సముద్రాలు దాటి పోయేవాడి దగ్గర ఇల్లొక్కటే మిగిలి, వాడు మిగలకపోవడం ఏమిటని ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

పేరు పోవడం నాకు తెలియని సంగతి కాదు. పెళ్లితో ఇంటిపేరు మారింది. అది మన ఆడవాళ్లలో ఎందరికో మారేదే, నేనేమీ అనుకోలేదు. అమెరికా వచ్చాక అసలు పేరే పోయింది. శ్రీకాళహస్తి అమ్మవారి పేరు నాకు పెట్టారు. "జ్ఞ" అక్షరంతో మొదలవుతుంది. దాన్ని ఇంగ్లీషులో రాసి చూపిస్తే చదవగలిగినవాళ్లు ఇక్కడ నాకు దొరకలేదు. పనిలో చేరిన మొదటి వారంలో ఎవరో "జీనా" అన్నారు. నేను సరేనన్నాను. సరేనన్న రోజు సాయంత్రం కారులో కూర్చుని ఏడ్చాను, ఇంట్లో చెప్పలేదు. దానికి ముందు మూడేళ్లు డిపెండెంట్ వీసా మీద ఉన్నాను, పని చేసే అనుమతి లేదు. పొద్దున మా ఆయన ఆఫీసుకు వెళ్తే, మళ్లీ సాయంత్రం దాకా ఏ పేరుతోనైనా సరే నన్ను పిలిచే మనిషి లేదు.

ఆ రోజుల్లోనే, 2013 చలికాలంలో, ఒక మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. ఇద్దరు అమ్మాయిలు. పొడుగు స్కర్టులు, నల్ల బిళ్లలు. అంతకు ముందు ఏడాది అక్టోబరులో వాళ్ల సంఘం వయసు నిబంధన మార్చింది. మిషన్‌కు వెళ్లే అబ్బాయిలకు 19 నుంచి 18కి, అమ్మాయిలకు 21 నుంచి 19కి తగ్గించింది. 58,000 దగ్గరున్న మిషనరీల సంఖ్య రెండేళ్లు తిరక్కుండానే 80,000 దాటింది. మా తలుపు తట్టిన పిల్లలు ఆ వెల్లువలో వచ్చినవాళ్లే. నేను లోపలికి రమ్మన్నది మతం గురించి వినాలని కాదు. అప్పటికి పదిహేను రోజులుగా మా తలుపు ఎవరూ తట్టలేదు. మంచినీళ్లిచ్చి పేర్లడిగితే బిళ్లలు చూపించారు. "అవి ఇంటిపేర్లు కదా, మీ పేర్లు?" అన్నాను. ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు, చెప్పలేదు. వాళ్లు చెప్పింది విని, నాకు నా దేవుడున్నాడు, నేను మారను అన్నాను. అయినా మళ్లీ వచ్చారు. మూడోసారి వచ్చేటప్పటికి మెట్ల మీద మంచు గడ్డ కట్టి ఉంది. పార అడిగి పుచ్చుకుని, మెట్లన్నీ శుభ్రం చేసి వెళ్లారు. తర్వాత కనబడలేదు. ఆరు వారాలకొకసారి మార్పులు జరుగుతాయని, ఎవరిని ఎక్కడికి వేస్తారో చెప్పలేరని ఆ తర్వాత తెలిసింది.

మతం చెప్పడానికి గడప దగ్గరికి వచ్చేవాళ్ల మీద మన ఇళ్లలో మంచి అభిప్రాయం ఉండదు. నాకూ ఉండేది కాదు. ఒకరి దేవుణ్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లను ఈనాటికీ గడప దాటనివ్వను. కానీ అడిగి, కాదంటే విని, పార పట్టుకున్న ఆ ఇద్దరు పిల్లల్ని నేను ఆ లెక్కలో వేయలేను.

2017 జూన్ నెలాఖరులో పక్కింటి అబ్బాయి బయల్దేరాడు. మొదటి తొమ్మిది వారాలు ప్రోవోలో శిక్షణ. మిషనరీలకు భాషలు నేర్పే పెద్ద కేంద్రం అక్కడుంది. మా ఊరి నుంచి కారులో అరగంట. అయినా అప్పట్లో వెళ్లి చూడకూడదు, ఫోను చేయకూడదు. ఆ తొమ్మిది వారాలూ పక్కింటావిడ కూరగాయలు ప్రోవోలోనే కొనేది. మా వీధి మలుపులోనే పెద్ద దుకాణం ఉంది. నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. వాడు తైవాన్ విమానం ఎక్కిన రోజు నుంచి ప్రోవో వెళ్లడం మానేసింది.

తైవాన్ నుంచి వచ్చిన మొదటి ఫొటోలో బిళ్ల మారిపోయి ఉంది. చీనా అక్షరాలు. అక్కడ వీళ్ల ఇంటిపేర్లు పలకడం కష్టం కాబట్టి ప్రతి మిషనరీకీ ఒక చీనా ఇంటిపేరు ఇస్తారట. వీడికి "లిన్" ఇచ్చారు. తైవాన్‌లో బాగా ఎక్కువమందికి ఉన్న ఇంటిపేర్లలో అదొకటి. లిన్ అంటే అడవి. చెట్టు అనే అక్షరాన్ని పక్కపక్కన రెండుసార్లు రాస్తే లిన్ అవుతుంది. ఎల్డర్ అన్న మాటకు "జాంగ్‌లావ్". పెద్దమనిషి అని అర్థం. లిన్ జాంగ్‌లావ్. మనకు మల్లే వాళ్లకూ ఇంటిపేరు ముందు, మనం గారు చేర్చినట్టే గౌరవవాచకం వెనక. పక్కింటావిడ ఫోను నా చేతికిచ్చి, "ఇప్పుడు ఇంటిపేరు కూడా మాది కాదు" అంది. ఏమనాలో తోచలేదు. ఆ రెండు చెట్లను చూస్తూ నిలబడ్డాను.

ఉత్తరం వారానికి ఒకటి. ఈమెయిలే. బట్టలుతుక్కుని, సరుకులు కొనుక్కుని, జుట్టు కత్తిరించుకునే రోజు వారానికొకటి ఉంటుంది, ఆ రోజు రాయాలి. ఫోను మాత్రం అప్పట్లో ఏడాదికి రెండే సార్లు, క్రిస్మస్‌కు ఒకటి, మదర్స్ డేకి ఒకటి. పక్కింటావిడ ఆ ఉత్తరాలు వసారాలో కూర్చుని నాకు చదివి వినిపించేది. మొదట మర్యాద కోసం విన్నాను. రెండు నెలలయ్యేసరికి ఆ రోజు కోసం నేనే ఎదురుచూసేదాన్ని.

పొద్దున ఆరున్నరకు లేవాలి. వ్యాయామం, స్నానం, తిండి, గ్రంథపఠనం, భాష చదువు. ఆ తర్వాత తెల్ల చొక్కా, టై, హెల్మెట్, సైకిల్. తైచుంగ్ ఉక్కలో పది నిమిషాలకే చొక్కా వీపుకు అంటుకుపోతుంది. రాత్రి తొమ్మిది తర్వాత గదికి చేరడం, మర్నాటి పని రాసుకోవడం, పదిన్నరకు దీపం ఆర్పడం. సినిమా లేదు, టీవీ లేదు, స్నేహితురాలు లేదు. రోజంతా కనబడ్డవాళ్లను పలకరించడం, చాలామంది చెయ్యి అడ్డంగా ఊపి వెళ్లిపోవడం. అపార్ట్‌మెంట్లలో కాపలావాళ్లు లోపలికి పోనివ్వరు. అందుకని సిగ్నళ్ల దగ్గర పలకరించేవాళ్లు. అక్కడి రోడ్ల నిండా స్కూటర్లే. ఎర్ర దీపం పడితే ముందు వరసలో పదీ పదిహేను స్కూటర్లు ఆగుతాయి. దీపం పక్కన అంకెలు ఒక్కొక్కటే తగ్గుతూ ఉంటాయి. ఆ అంకెలు అయిపోయేలోగా నమస్కారం చెప్పి, తనెవరో చెప్పి, వారంవారం తాము ఉచితంగా చెప్పే ఇంగ్లీషు తరగతి గురించి చెప్పాలి. తనకు చీనా భాష వచ్చింది పుస్తకంలో కాదని, ఆ ఎర్ర దీపాల కిందేనని ఒకసారి రాశాడు. స్వరం కాస్త ఎగిసినా దిగినా మాట మారిపోతుందట. మనకు "పడు" అనబోయి దీర్ఘం తీస్తే "పాడు" అయిపోతుంది చూడండి, అలా.

టీ సంగతి నేనే అడిగించాను. టీ పుట్టిన సీమలాంటి చోట, గడప తొక్కగానే టీ పోసే ఇళ్లలో, వద్దంటే ఎంత నొచ్చుకుంటారోనని నా బెంగ. వాడి జవాబు చదివి చాలా ఆశ్చర్యపోయాను. బూడిద గుమ్మడికాయను బెల్లంలాంటి నల్ల చక్కెరతో గంటల తరబడి ఉడికించి, ఆ పాకాన్ని నీళ్లలో కలిపి చల్లగా ఇస్తారట. దానికీ వాళ్లు టీ అనే పేరే పెట్టుకున్నారు కానీ అందులో తేయాకు ఉండదు. ఒక ముసలాయన తన ఇంట్లో వీళ్ల కోసమని అది తెప్పించి ఉంచేవాడట. ఊరికి తిరిగి వెళ్లిన మా అమ్మకు ఫోనులో చెప్తే చాలాసేపు నమ్మలేదు. మన వైపు దిష్టికి గుమ్మానికి కట్టే కాయ, అక్కడ గుమ్మం దాటి వచ్చినవాడి చేతికి చలవగా అందుతోందంటే ఆమెకు ఎంతో నచ్చింది. "ఇంటికొచ్చినోళ్లకు ఏదో ఒకటి ఇస్తారులే, ఏ దేశమైనా" అంది.

రాత్రీ పగలూ పక్కన తోటి మిషనరీ ఉండాల్సిందే. చూపుకు అందనంత దూరం పోకూడదు. ఆ తోడు ఎవరో తను ఎంచుకోడు. నచ్చినా నచ్చకపోయినా ఆరు వారాలో పన్నెండు వారాలో అతనితోనే. ఒక ఉత్తరంలో, కాసేపు ఒక్కణ్నే నడవాలని ఉందమ్మా అని రాశాడు. చదువుతూ ఆవిడ ఆగిపోయింది. నాకు డిపెండెంట్ వీసా మూడేళ్లు గుర్తొచ్చాయి. నేను మనిషి గొంతు కోసం తలుపు వంక చూస్తూ కూర్చున్న రోజులు. ఒక మనిషికి ఎంత ఏకాంతం కావాలో, ఎంత తోడు కావాలో కొలిచి ఇచ్చేవాళ్లు లోకంలో ఎక్కడా లేరు. వాడికి ఒకటి బొత్తిగా లేకుండా పోయింది, నాకు రెండోది. ఆ తోటివాళ్లలో ఒకడు నిద్రలో మాట్లాడతాడని, వాడు పలికేది తన చెల్లెలి పేరని, అందుకని ఆ పేరు తెలిసిన సంగతి పగలు బయటపెట్టనని రాశాడు మరోసారి. మొదటి పేర్లు వాళ్ల మధ్య ఎంత జాగ్రత్తగా దాచుకునే వస్తువులో ఆ వాక్యం వల్లే నాకు తెలిసింది.

తైనాన్ అనే ఊరికి మార్చినప్పుడు, అక్కడ ఒక పెద్దావిడ వీళ్లను ఇంట్లోకి పిలిచి, మతం మాట ఎత్తవద్దని ముందే చెప్పింది. గోడ దగ్గర బల్ల మీద పూర్వీకుల పేర్లు రాసిన చెక్కపలకలు, ముందు అగరొత్తులు. "నీ తాతల పేర్లు చెప్పు" అందట. వీడు ఎనిమిది తరాలు చెప్పాడు. ఆవిడ అన్నం పెట్టి పంపింది. పద్దెనిమిదేళ్ల పిల్లాడికి ఎనిమిది తరాలు ఎలా తెలుసునని మనకు అనిపిస్తుంది. వాళ్ల మతంలో ఆ పని పెద్దది. వంశవృక్షాల కోసం 1894లోనే సంస్థ పెట్టుకున్నారు. సాల్ట్ లేక్ సిటీ దగ్గర కొండను తొలిచి, గ్రానైట్ గుహల్లో ప్రపంచమంతటి నుంచి తెచ్చిన రికార్డుల మైక్రోఫిల్ములు దాచారు. హరిద్వార్ పండాల వంశావళి పుస్తకాలకు కూడా వాళ్లు మైక్రోఫిల్ములు తీశారు. సాల్ట్ లేక్ సిటీలో ఉన్న వాళ్ల వంశచరిత్ర గ్రంథాలయానికి నేనూ ఒకరోజు పోయి సాయంత్రం దాకా కూర్చున్నాను. మా వాళ్లెవరూ దొరకలేదు. తద్దినంలో మా నాన్న చదివే మూడు తరాల పేర్లు, గోత్రంతో సహా, బయటికి పలుక్కుంటూ బస్సెక్కాను. నాకు తెలిసినవి ఆ మూడే.

వాళ్లు పేర్లు వెతికేది చనిపోయినవాళ్ల తరఫున దేవాలయంలో బాప్తిస్మం తీసుకోవడానికి. ఆ ఒక్కటీ నాకు ఒప్పుదల కాదు. మా తాతకు గంగ ఉంది, ఆయన కొడుకు వదిలిన నువ్వులూ నీళ్లూ ఉన్నాయి. ఆ మాట పక్కింటావిడతో అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "నీ తాత పేరేమిటి?" అని మాత్రం అడిగింది. చెప్పాను. వెతకడానికి అడగలేదని నాకు తెలుసు.

వాడు అక్కడ ఉండగానే, 2018లో, వాళ్ల అప్పటి సంఘాధ్యక్షుడు రస్సెల్ నెల్సన్ తమను మార్మన్లు అనవద్దని, పూర్తి పేరుతోనే పిలవాలని గట్టిగా కోరాడు. లోకమంతా మార్మన్ టాబర్నాకిల్ కోయిర్ అని ఎరిగిన గాయకబృందం కూడా ఆ అక్టోబరులో మార్మన్ అన్న మాట తీసేసుకుంది. తెలుగులో యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము అంటారు. నేను ఈ వ్యాసంలో పాత మాటే రాస్తున్నాను, చదివేవాళ్లకు అది తెలుసని. పక్కింటావిడ ముందు మాత్రం అనను. సొంత పేరుతో పిలవమని అడిగేవాళ్ల కష్టం నాకు తెలుసు.

ఆ డిసెంబరులో హైదరాబాద్ వెళ్లాను. ఒక బస్టాపులో తెల్ల చొక్కాలతో ఇద్దరు కుర్రాళ్లు. జేబుల మీద నల్ల బిళ్లలు. ఆ నగరంలో వాళ్ల సంఘం ఉందని చదివి ఉన్నాను. 1978 డిసెంబరులో సమోవాలో ఉండే తెలుగు దంపతులు ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు హైదరాబాద్ వచ్చి తమవాళ్లకు ఈ మతం గురించి చెప్తే, బంధువుల్లోనే 22 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎల్సీ గారి తండ్రి బాప్తిస్టు పాస్టరు. మార్మన్ గ్రంథాన్ని తెలుగు చేసింది ఆయనే. 1982లో కొన్ని భాగాలు అచ్చయ్యాయి. 2012లో హైదరాబాద్‌లో ఏర్పడిన స్టేక్, అంటే కొన్ని సంఘాలు కలిసిన పెద్ద విభాగం, భారతదేశంలో మొదటిది. ఇవన్నీ చదివినవే అయినా, ఎల్డర్ అన్న మాట పక్కన అచ్చ తెలుగు ఇంటిపేరు చూసేసరికి ఒళ్లు ఝల్లుమంది.

"ఏ ఊరు నాయనా?" అన్నాను. రాజమండ్రి దగ్గరని చెప్పాడు. మాట్లాడుతూనే నా కళ్లు మళ్లీ బిళ్ల మీదికి పోయాయి. ఎందుకు పోయాయో నాకు తెలుసు. అతనికీ తెలుసు. "అందరూ ముందు బిళ్ల చదువుతారండి, తర్వాత నా మొహం చూస్తారు" అన్నాడు. కోపంగా అనలేదు. అమెరికాలో ఆ బిళ్ల మీద ఉండేది ఒక కుటుంబం పేరు. మన దగ్గర ఇంటిపేరు అడగడమంటే కులం అడగడం. నా ఇంటిపేరు విని నన్ను ఎవరూ గడప అవతల నిలబెట్టలేదు, మంచినీళ్లు వేరే గ్లాసులో ఇవ్వలేదు. ఇంటిపేరు పోవడం, పేరు పోవడం అని ఇన్నాళ్లూ నేను పడ్డ బాధలో ఈ మాటకు చోటే లేదు. దాన్ని జేబు మీద తెల్లటి అక్షరాల్లో పెట్టుకుని రోజుకు ఇన్ని తలుపులు తట్టే ఆ కుర్రాడి ధైర్యం ఏ పాటిదో ఆ బస్టాపులో తెలిసింది. ఇంట్లో ఏమని పిలుస్తారని అడిగాను. పక్కనున్న అతని వైపు ఒకసారి చూసి, "మా అమ్మ చిన్నోడా అంటదండి" అన్నాడు. వాళ్ల బస్సు వచ్చింది.

2019 ఫిబ్రవరి 15న, ఇకమీదట మిషనరీలు వారం వారం ఇంటికి ఫోను చేయవచ్చని సంఘం ప్రకటించింది. పక్కింటావిడ చెప్పులు కూడా వేసుకోకుండా మంచులో మా ఇంటికి పరిగెత్తుకొచ్చింది. ఆ తర్వాతి వారం వీడియోలో కొడుకును పేరు పెట్టి పిలిస్తే వాడి చెవులు ఎర్రబడ్డాయట. పక్కన తోటివాడు వింటున్నాడు కదా. ఇంగ్లీషు మాటల కోసం మధ్యమధ్య తడుముకున్నాడట. ఆ సంగతి ఆవిడ గర్వంగానే చెప్పింది, కానీ కళ్లు తుడుచుకుంటూ చెప్పింది.

ఇక్కడ ఇంకో అబ్బాయి గురించి చెప్పాలి. వీధి చివరింటివాడు. పక్కింటి అబ్బాయి వెళ్లిన ఏడే దక్షిణ అమెరికాకు వెళ్లి అయిదు నెలలకే తిరిగొచ్చాడు, మనసు బాగాలేక. బెలూన్లు కట్టలేదు. అతని మాట వస్తే వీధిలో గొంతులు తగ్గేవి. తిట్టినవాళ్లు లేరు, కానీ ఆ గొంతు తగ్గించడం తిట్టుకన్నా ఎక్కువ దూరం వినబడుతుంది. అది తప్పని నేను పక్కింటావిడతోనే అన్నాను. పద్దెనిమిదేళ్ల పిల్లాడు భాష రాని చోట, సొంత పేరు లేకుండా, నిమిషం ఏకాంతం లేకుండా అయిదు నెలలు నిలిచాడు. దాన్ని అయిదు నెలలుగా లెక్కపెట్టాలి గానీ, మిగిలిపోయిన పందొమ్మిది నెలలుగా కాదు. ఆ తర్వాత రెండు వేసవులూ మా గడ్డి కోసింది అతనే. 2019లో అమ్మ మళ్లీ వచ్చినప్పుడు అతణ్నీ నాయనా అనే పిలిచింది, మజ్జిగ ఇచ్చింది.

జూన్ చివర్లో పక్కింటి అబ్బాయి వచ్చాడు. విమానాశ్రయంలో బ్యానర్లు పట్టుకుని ఇంటిల్లిపాదీ నిలబడ్డారు. అక్కడ ఇంకా వాడు లిన్ జాంగ్‌లావే. సాయంత్రం స్టేక్ పెద్ద దగ్గరికి వెళ్లి, ఆయన నీ పని పూర్తయిందని చెప్పాకే బిళ్ల తీయాలి. తీసి వాళ్లమ్మ చేతిలో పెట్టాడట. ఆవిడ దాన్ని మర్నాడు నాకు చూపించింది. అక్షరాల అంచులు అరిగి ఉన్నాయి. ఉతకడానికి వేసిన చొక్కాల్లో ఒకదానికి జేబు మీద బిళ్ల మేర నలుచదరంగా తెలుపు మిగిలింది, చుట్టూ గుడ్డంతా ఎండకు పసుపుబారి ఉంది.

మూడో రోజు మా వాకిట్లోకి వచ్చాడు. నేను గులాబీ మొక్కలకు నీళ్లు పోస్తున్నాను. బాగా చిక్కిపోయాడు. మాట్లాడేటప్పుడు ఎదుటి మనిషి పెదవుల వంక చూసే అలవాటు వచ్చింది.

"జీనా అన్నది మీ పేరు కాదు కదా?" అన్నాడు.

ఎలా తెలుసన్నాను.

"మీ అమ్మగారు మిమ్మల్ని అలా పిలవగా నేనెప్పుడూ వినలేదు."

చెప్పాను, మొత్తం పేరు, ఏ అక్షరమూ మింగకుండా. వాడు కళ్లు మూసుకుని విన్నాడు. మళ్లీ చెప్పమన్నాడు. మొదటి అక్షరం దగ్గర నాలుక తడబడింది. "గ" దగ్గర మొదలుపెట్టి ముక్కులోకి పోనివ్వాలని చూపించాను. చీనా స్వరాలు నేర్చుకునేటప్పుడు చేసినట్టు చెయ్యి గాలిలో లేపి, దీర్ఘం ఉన్న చోట వేలిని నిలువునా సాగదీశాడు. రెండోసారి దీర్ఘం కుదిరింది, ఒత్తు పోయింది. మూడోసారి ఒత్తు వచ్చింది, చివర తెగింది. నాలుగోసారి గట్టిగా, వీధంతా వినబడేట్టు పలికాడు. ఒక్క అక్షరం కూడా తప్పలేదు.

వంటింట్లో మజ్జిగ చిలుకుతున్న అమ్మ కవ్వం ఆపి, "ఎవరే అది, నిన్ను పిలస్తా ఉండారు?" అంది.